కావడి కుండలు సరే, మోసే భుజం ఎవరిది?

కలిమిలేములు కావడి కుండలు అన్న సామెత వినని తెలుగువారు ఉండరు. ఎవరింట కష్టం కలిగినా, పరామర్శకు వచ్చిన పెద్దలు లేవబోయే ముందు ఈ మాట ఒకటి చెప్పి లేవడం పరిపాటి. పురాణ ప్రవచనాల్లోనూ ఇదే, సినిమా పాటల్లోనూ ఇదే, తెల్లవారీ తెల్లవారకముందే చేతి ఫోనులోకి వచ్చిపడే శుభోదయ సందేశాల్లోనూ ఇదే. జీవితమన్నాక ఎత్తుపల్లాలుంటాయి, రేపేమవుతుందో ఎవరికెరుక, అంతా కాలమహిమ. మాటలు మారతాయి గాని సారం ఒక్కటే.

ఈ మాట అసత్యమని నేను అనను. అయితే సత్యమైన మాటను కూడా అన్యాయంగా వాడవచ్చు. ఈ సామెతను మనం ఇవాళ వాడుతున్నది అలాగేనని నా అభియోగం. మనుషులు ఆలోచించి, సంతకాలు పెట్టి, ముహూర్తాలు చూసుకుని చేసిన పనుల ఫలితాలను కూడా మనం కాలం ఖాతాలో రాసేస్తున్నాం. ఆ ఖాతాకు లెక్క అడిగేవాడు లేడు గనుక అది అందరికీ సుఖంగానే ఉంది, నష్టపోయినవాడికి తప్ప.

కావడిని ఒక్కసారి తలచుకోండి. ఒక వెదురు బద్ద, రెండు కొసలకు రెండు ఉట్లు, ఉట్లలో రెండు కుండలు. నడుస్తుంటే ఒకటి పైకి లేస్తుంది, ఒకటి కిందికి దిగుతుంది. సామెత చెప్పేది ఆ కుండల ఊగిసలాట గురించి. కానీ కుండలు రెండూ ఒక భుజం మీద ఉన్నాయి. పైకి లేచిన కుండ బరువూ, కిందికి దిగిన కుండ బరువూ మోసేది ఆ భుజమే. సామెత ఆ భుజం ఊసెత్తదు. మనమూ ఎత్తం. నా వాదమంతా ఆ భుజం గురించే.

నేను ఉండేది హైదరాబాదుకు తూర్పున. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ దాటి విజయవాడ రహదారి మీద సాగిపోతే హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్, ఆ పైన బాటసింగారం. ఆ బాటసింగారంలోనే ఇప్పుడు నగరపు పండ్ల మార్కెట్ నడుస్తోంది. ఏటా ఏప్రిల్, మే నెలల్లో మామిడి కోసం అక్కడికి వెళ్ళడం నాకు అలవాటు. పోయిన వేసవిలో అక్కడ విన్న మాట ఒకటి ఈ వ్యాసానికి ప్రేరణ. ధర పడిపోయి, తక్‌పట్టి చేతిలో పట్టుకుని నిలబడిన ఒక ముసలి రైతుతో, ఆ సరుకు అమ్మిపెట్టిన వ్యక్తి ఎంతో ఆప్యాయంగానే అన్నాడు: "గట్లనే ఉంటది తాతా. ఒక ఏడు మీదికి, ఒక ఏడు కిందికి. మన చేతుల ఏముంది?" ఆ తాత తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు మింగుడుపడలేదు. ఎందుకంటే ఆ కాగితం మీద ఆ ఏడు కిందికి దిగినది ఒకే ఒక్క అంకె. మిగిలిన అంకెలన్నీ తమ తమ చోటుల్లో భద్రంగానే ఉన్నాయి.

ముందుగా ప్రతివాదికి ఇవ్వవలసినది ఇచ్చేద్దాం. మామిడి విషయంలో నిజంగానే చాలా సంగతులు మన చేతిలో లేవు. చాలా రకాలకు ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు మొండికేసే స్వభావం ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో వచ్చే పూత పొగమంచుకు మాడిపోవచ్చు, తేనెమంచు పురుగు పాలబడవచ్చు. పిందె నిలిచి కాయ ముదురుతున్న వేళ ఒక్క సాయంత్రపు ఈదురుగాలి, నాలుగు వడగళ్ళు చాలు, ఏడాది కష్టం చెట్టు కింద కుప్పపడుతుంది. అన్నీ దాటి పండు చేతికొస్తే, అందరి పండూ ఒకేసారి వస్తుంది గనుక ధర నిలవదు. వడ్లయితే కొట్టంలో పోసి పది రోజులు ఆగవచ్చు. కోసిన మామిడి ఆగదు. ఈ అనిశ్చితి నిజమైనది. దీనిని ఏ ప్రభుత్వమూ పూర్తిగా తీసివేయలేదు.

అమెరికా ఆర్థికశాస్త్రవేత్త ఫ్రాంక్ నైట్ 1921లో వెలువరించిన గ్రంథంలో ఒక విభజన చేశాడు. ఎంత నష్టం రావచ్చునో ఇంచుమించుగా లెక్కకట్టగల ముప్పు ఒకటి, ఏ లెక్కకూ అందని అనిశ్చితి మరొకటి. మొదటిదానికి బీమా చేసుకోవచ్చు, రెండవదానికి వీలుపడదు. వేసవిలో తెలంగాణలో గాలివాన వస్తుందన్నది మొదటి కోవకు చెందిన సంగతి. ఫలానా సాయంత్రం ఫలానా తోట మీద పడుతుందని చెప్పలేకపోవచ్చు, కానీ ప్రతి ఏప్రిల్‌లోనూ, మేలోనూ ఎక్కడో ఒకచోట పడి తీరుతుంది. ఏటేటా వచ్చేదాన్ని ఎన్నడూ ఎరగనిదన్నట్టు మాట్లాడటం మనకు అలవాటయింది. "అకాల వర్షం" అన్న మాటే చూడండి. ఏటా అదే కాలంలో పడే వానకు అకాలమని పేరు!

ఇక అసలు సంగతికి వస్తాను. అనిశ్చితి ప్రకృతి నుంచి వస్తుంది, నిజమే. కానీ ఆ అనిశ్చితి ఎవరి మీద ఎంత పడాలన్నది ప్రకృతి నిర్ణయించదు. దానిని నిర్ణయించేవి ఒప్పందాలు, చట్టాలు, అలవాట్లు, అప్పులు.

మామిడి పండు ప్రయాణాన్నే చూడండి. చిన్న తోటల యజమానులు చాలామంది పూత మీదనో పిందె మీదనో తోటను గుత్తకిచ్చేస్తారు. అక్కడితో వాన భయం, పురుగు భయం గుత్తకు తీసుకున్నవాడి మీదికి వెళతాయి. గుత్తకు తీసుకున్నవాడు ఆ సొమ్మును చాలా సందర్భాల్లో మార్కెట్టులోని కమీషను వ్యాపారి దగ్గర బదులు తెస్తాడు. బదులిచ్చినవాడి దుకాణానికే సరుకు తోలాలన్నది రాయని షరతు. పండు అక్కడికి చేరాక లారీ బాడుగ ఉంటుంది. ధర పడిపోయిందని లారీవాడు బాడుగ తగ్గించడు. డీజిలు ధర అతని చేతిలో లేదు గనుక అతణ్ణి తప్పుపట్టలేం. హమాలీ ఖర్చు ఉంటుంది, అదీ తగ్గదు. తగ్గకూడదు కూడా. కమీషను శాతం లెక్కన పోతుంది. దానితో వ్యాపారి రాబడి కొంత తగ్గుతుందే గాని నష్టమన్నది అతనికి అంటదు. బదులుకు వడ్డీ రోజుల లెక్కన నడుస్తుంది. తరుగు పేరుతో కొంత తూకం తీసివేస్తారు. ఇన్ని స్థిరమైన అంకెల నడుమ స్థిరం లేనిది ఒక్కటే, చివర మిగిలే సొమ్ము. అది రైతుది. అంటే ఆకాశం నుంచి ఊడిపడిన అనిశ్చితి దారిలో ఎవరి దగ్గరా ఆగకుండా జారుకుంటూ వచ్చి, ఇంకెవరికీ అప్పగించలేని మనిషి దగ్గర ఆగింది. ఇది కాలమహిమ కాదు, ఏర్పాటు. ఏర్పాటును మార్చవచ్చు.

"నష్టభయం అందరికీ ఉంటుంది, ఉన్నవాడికి మాత్రం ఉండదా?" అని కొందరు మిత్రులు అడుగుతారు. ఉంటుంది. కానీ ఉన్నవాడు పడిపోయినప్పుడు కింద ఒక వల పరచి ఉంటుంది. పరిమిత బాధ్యత గల కంపెనీ మునిగిపోతే వాటాదారు పెట్టిన పెట్టుబడే పోతుంది, సాధారణంగా అతని ఇల్లు వేలానికి రాదు. 2016లో దేశంలో దివాలా చట్టం వచ్చింది. కంపెనీలు అప్పుల ఊబి నుంచి బయటపడటానికి గడువులతో సహా ఒక పద్ధతి ఏర్పడింది. బ్యాంకులు తమకు రావలసిన దానిలో పెద్ద భాగాన్ని వదులుకోవడానికి సమ్మతించిన ఉదంతాలు అనేకం. అదే చట్టంలో సామాన్య వ్యక్తుల దివాలాకు సంబంధించిన భాగం చాలావరకు అమలుకే నోచుకోలేదు. కంపెనీ పతనానికి చట్టం దారి చూపింది. మామిడి రైతు పతనానికి సామెత దారి చూపుతోంది.

తెలంగాణలో 2018 ఆగస్టులో రైతుబీమా మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ళ వయసుగల పట్టాదారు ఏ కారణంతో మరణించినా కుటుంబానికి 5 లక్షల రూపాయలు. మంచి పథకమే, ఎన్నో కుటుంబాలకు ఆసరా అయింది. కానీ 2020 వానాకాలం నుంచి రాష్ట్రం కేంద్రపు పంటల బీమా పథకం నుంచి వైదొలగింది, తిరిగి చేరతామని 2024లో ప్రకటించారు. మధ్య సంవత్సరాలను తలచుకోండి. ఆ ఏళ్ళలో రైతు చనిపోతే బీమా ఉంది, పంట చనిపోతే లేదు. పంట పోయిన రైతు బతికి ఉన్నంతకాలం అతని కష్టం ఒడిదుడుకు, పోయిన తరువాత మాత్రమే అది బీమా వర్తించే సంఘటన. ఇంతకంటే కఠినమైన వ్యంగ్యాన్ని ఏ కవీ రాయలేడు. ఇక కౌలుదారు సంగతి చెప్పనే అక్కరలేదు. 2018లోనే వచ్చిన రైతుబంధు పట్టా ఉన్నవాడికి అందింది, పంట పెట్టిన కౌలుదారుకు అందలేదు. భూమి ఒకరిది, భయం మరొకరిది.

పంట సంగతి అలా ఉంచి, మార్కెట్టు కథనే తీసుకుందాం. ఒకప్పుడు నగరపు పండ్ల బేరం మొజంజాహీ మార్కెట్టు, జాంబాగ్ ప్రాంతంలో సాగేది. 1986లో అక్కడి నుంచి గడ్డిఅన్నారానికి, అంటే కొత్తపేటకు తరలించారు. సుమారు 22 ఎకరాల ఆవరణ. అప్పటికి అది ఊరి చివర. తరువాత ఊరే దాని చుట్టూ పెరిగింది. దిల్‌సుఖ్‌నగర్ రద్దీ, ఎల్బీనగర్ కూడలి, మెట్రో అన్నీ వచ్చాయి. 2020లో కరోనా వేళ జనం గుమికూడకూడదని మార్కెట్టును కోహెడకు మార్చారు. మే నెలలో గాలివానకు అక్కడ హడావుడిగా వేసిన రేకుల షెడ్లు కూలి పలువురు గాయపడ్డారు. మార్కెట్టు మళ్ళీ కొత్తపేటకు వచ్చింది. 2021లో ఆ స్థలంలో పెద్దాసుపత్రి కట్టాలన్న నిర్ణయంతో, కోహెడలో శాశ్వత మార్కెట్టు సిద్ధమయ్యేదాకా తాత్కాలికమని చెప్పి బాటసింగారంలోని లాజిస్టిక్స్ పార్కుకు పంపారు. వ్యాపారులు హైకోర్టు మెట్లెక్కారు. 2022 మార్చిలో పాత కట్టడాలు కూల్చివేశారు, ఏప్రిల్‌లో ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది.

ఆసుపత్రి వద్దని నేను అనడం లేదు. తూర్పు హైదరాబాదుకు పెద్ద ప్రభుత్వాసుపత్రి ఎంతో అవసరం. నడివీధిలో లారీల బారు వద్దనడంలోనూ న్యాయముంది. నా ప్రశ్న వేరు. ఇన్ని తరలింపుల్లో ఏది అనూహ్యం? మే నెల గాలి అనూహ్యమా? ఆ గాలికి నిలవని షెడ్డు అనూహ్యమా? గోదాముల కోసం, లారీల కోసం కట్టిన పార్కులోకి లక్షలాది డబ్బాల మామిడి వస్తే చోటు చాలదన్నది అనూహ్యమా? ఇవన్నీ ముందే తెలిసినవి, ముందే చర్చించదగినవి. అయినా ఈ మార్పుల్లో నలిగిపోయినవారికి మనం చెప్పిన ఊరట మాత్రం ఒకటే: ఏం చేస్తాం, కాలం అలా వచ్చింది.

నలిగిందెవరు? పెద్ద వ్యాపారికి 20 కిలోమీటర్ల దూరం కారులో అరగంట, ముప్పావుగంట. కొత్తపేట చుట్టుపక్కల బస్తీల్లో అద్దెకుండి, వేకువనే నడిచివచ్చి బస్తా ఎత్తే హమాలీకి అదే దూరం రోజూ రానుపోను ఖర్చు, కోల్పోయిన నిద్ర, లేదా ఊరు మారి పిల్లల బడి మాన్పించడం. దిల్‌సుఖ్‌నగర్‌లో తోపుడుబండి మీద పండ్లమ్ముకునే ఆమె తెల్లవారుజామున నాలుగు డబ్బాలు కొని బండి మీద పెట్టుకుని తోసుకుంటూ వెళ్ళేది. ఇప్పుడు నాలుగు డబ్బాల కోసం ట్రాలీ ఆటో మాట్లాడుకోవాలి. మార్కెట్టు గేటు దగ్గర చాయ్ అమ్మేవాడు, వరిగడ్డి అమ్మేవాడు, పగిలిన డబ్బాలకు మేకులు కొట్టి బతికేవాడు, వీరి పేర్లు ఏ రిజిస్టరులో లేవు గనుక వీరికి నష్టం జరిగిందని కూడా ఎక్కడా నమోదు కాలేదు. నమోదు కాని నష్టానికే మనం విధి అని పేరు పెట్టుకున్నాం.

ఇదే దారిలో నాలుగు మెట్రో స్తంభాలు వెనక్కి వెళితే మరో తరగతి మనుషులు కనిపిస్తారు. దిల్‌సుఖ్‌నగర్ అంటే కోచింగ్ సెంటర్లు, వాటిని ఆనుకుని హాస్టళ్ళు. మామిడి తోటలున్న ఊళ్ళ నుంచే, ఆ తోటలమ్మిన డబ్బుతోనే చాలామంది పిల్లలు ఇక్కడికి వచ్చి ప్రభుత్వోద్యోగ పరీక్షలకు చదువుతారు. తెలంగాణ ఏర్పడ్డాక తొలి గ్రూప్-1 ప్రిలిమినరీ పరీక్ష 2022 అక్టోబరులో జరిగింది. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కిన వ్యవహారంతో 2023 మార్చిలో దానిని రద్దు చేశారు. జూన్‌లో మళ్ళీ పెట్టారు. నిర్వహణలో లోపాల కారణంగా సెప్టెంబరులో హైకోర్టు దానినీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటననే ఉపసంహరించి కొత్తది ఇచ్చారు, జూన్‌లో మూడోసారి ప్రిలిమినరీ. ఒకే మెట్టు మూడుసార్లు ఎక్కించారు. ఆ మధ్యలో ఎందరికి వయసు మీరిందో, ఎందరు హాస్టలు ఖర్చు భరించలేక పెట్టె సర్దుకున్నారో, ఎందరు ఆడపిల్లలకు "ఇక చాలు, పెళ్ళి చేసుకో" అన్న మాట ఖాయమైందో ఎవరు లెక్కపెట్టారు? ఆ పిల్లలకు అప్పుడు దొరికినవి వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలు. ఓటమి విజయానికి మెట్టట, జీవితం ఎప్పుడూ ఒకలా ఉండదట. వారు ఓడిపోలేదు స్వామీ! పరీక్ష పెట్టవలసినవారు ఓడిపోయారు. ఒకరి వైఫల్యాన్ని మరొకరి మనోధైర్యానికి పరీక్షగా మార్చడం కంటే మోసం ఏముంటుంది?

ఇక్కడ నా మాటకు పెద్దల నుంచి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, దానిని దాటవేయను. "నువ్వన్నది నిజమే కావచ్చు. కానీ ఆ మాట లేకపోతే మనిషి బతకలేడు. కష్టంలో ఉన్నవాడికి కారణాల జాబితా ఎందుకు, ఊరట కావాలి గాని. గీత కూడా సుఖదుఃఖాలను సమంగా చూడమనే చెప్పింది కదా" అంటారు. గౌరవంతోనే జవాబిస్తాను. సమబుద్ధి మనిషి తనకు తాను అభ్యసించవలసిన సాధన. తనకు తాను చెప్పుకున్నప్పుడు అది వివేకం. నష్టపోయినవాడికి, అతని నష్టంలో వాటా ఉన్నవాడు చెప్పినప్పుడు అది నోరు మూసుకోమనే ఆజ్ఞ. పైగా సమబుద్ధి బోధించిన ఆ గ్రంథంలోనే శ్రోత చివరికి విల్లు పట్టి లేచి నిలబడతాడు, నుదుటి రాత అనుకుని రథంలో కూలబడిపోడు. రోములో బానిసగా బతికిన తత్త్వవేత్త ఎపిక్టెటస్ కూడా అన్నింటికీ తలవంచమని చెప్పలేదు. మన వశంలో ఉన్నదేదో, లేనిదేదో ముందు విడదీసుకోమన్నాడు. మన ఊరట మాటలు చేయనిది ఆ విడదీయడమే. వడగళ్ళనూ తరుగునూ, పొగమంచునూ పేపరు లీకునూ ఒకే మూట కట్టి విధి అన్న చీటీ అంటిస్తున్నాం.

ఊరట అవసరమే. నా అనుభవంలో, కష్టంలో ఉన్న మనిషికి అన్నింటికంటే పెద్ద ఊరట "ఇది నీ తప్పు కాదు" అన్న మాట. విధివాదం ఆ మాటను సగమే చెబుతుంది. నీ తప్పు కాదు అంటుంది, ఎవరి తప్పూ కాదు అని ముగిస్తుంది. అక్కడే పేచీ.

విడదీసి చూసిన సందర్భాలు మన నగర చరిత్రలోనే ఉన్నాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలాదిమంది ప్రాణాలు తీసింది. దానిని దైవకోపమని కన్నీళ్ళతో సరిపెట్టుకోవచ్చు. సరిపెట్టుకోలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి ఉపాయం అడిగారు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వాన మన చేతిలో లేదు, వాన నీరు ఎక్కడ ఆగాలన్నది మన చేతిలో ఉందని ఆ తరం గ్రహించింది. 2020 అక్టోబరు 13 రాత్రి కుంభవృష్టికి ఇదే తూర్పు హైదరాబాదులో సరూర్‌నగర్, మీర్‌పేట, హయత్‌నగర్ ప్రాంతాల కాలనీలు మునిగాయి. వాన అసాధారణమైనదే. కానీ గొలుసుకట్టు చెరువుల నడుమ నాలాలు పూడ్చి, శిఖం భూముల్లో ప్లాట్లు కోసి, వాటికి అనుమతులిచ్చి, రిజిస్ట్రేషన్లు చేసినవాళ్ళు మేఘాలు కారు. కుటుంబానికి 10,000 రూపాయల సాయం పంచారు. అప్పు చేసి ప్లాటు కొన్న గుమస్తా బురద ఎత్తిపోసుకున్నాడు. ప్లాటు కోసి అమ్మినవాడి ఇంట్లోకి నీళ్ళు రాలేదు.

హమాలీల సంగతీ అంతే. బస్తా మోసే మనిషికి ఇవాళ పని ఉంటుంది, రేపు ఉండదు. నడుము పట్టేస్తే అంతే సంగతులు. ఇది ఆ వృత్తి స్వభావం అని మనం అనుకుంటాం. మహారాష్ట్ర అలా అనుకోలేదు. 1969లో మాథాడీ కార్మికుల చట్టం చేసింది. యజమానులు ఎందరున్నా, పని రోజుకొక చోట దొరికినా, కూలీ సొమ్ము ఒక బోర్డు ద్వారా చెల్లించాలని, దానితోపాటు భవిష్యనిధి వంటి సౌకర్యాల కోసం అదనంగా జమ చేయాలని విధించింది. కేరళ 1978లో తలబరువు కార్మికుల చట్టం చేసింది. ఆ చట్టాలలో లోపాలు లేవని కాదు, దుర్వినియోగం జరగలేదనీ కాదు. కానీ అవి ఒక సంగతిని రుజువు చేశాయి. ముంబయి హమాలీ భుజమూ మన హమాలీ భుజమూ ఒకటే, బరువూ ఒకటే. తేడా ఉన్నది చట్టంలో. ఇక్కడి హమాలీ సంఘాలు సంక్షేమ బోర్డు కావాలని ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నాయి. వారికి సమాధానంగా మనం సామెతలు చెబుతున్నాం. జర్మనీలో 1883లోనే కార్మికుల అనారోగ్యానికి బీమా చట్టం వచ్చింది. మన దేశంలో 1948లోనే ఈఎస్ఐ చట్టం వచ్చింది. ఆఫీసులో కూర్చున్న నాబోటివాడికి అనారోగ్యం ఒడిదుడుకు కాకుండా పోయింది. మార్కెట్టులో బస్తా ఎత్తేవాడికి అది ఇంకా ఒడిదుడుకే.

కాబట్టి నా విన్నపం ఇది. ఎవరైనా నష్టపోయిన చోట "ఒడిదుడుకులు సహజం" అన్న మాట నోటికి రాబోయినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇది ఏటేటా జరిగేదేనా? ఏటేటా జరిగేదైతే దానికి ముందుగా చేసిన ఏర్పాటేమిటి? జరిగినప్పుడు ఎవరి రాబడి తగ్గలేదు? మూడవ ప్రశ్న ముఖ్యమైనది. అందరి రాబడీ తగ్గితే అది నిజంగా కాలమే కావచ్చు, అప్పుడు అందరం కలిసి ఏడుద్దాం. ఒక్కరిదే తగ్గి మిగిలినవారిది నిలిచి ఉంటే అది కాలం కాదు, లెక్క. లెక్కను అడగవచ్చు. బాటసింగారం తాత తల ఊపకుండా ఆ తక్‌పట్టిని మళ్ళీ చదివించుకోవచ్చు. దిల్‌సుఖ్‌నగర్ పిల్లవాడు నిబ్బరం గురించిన ఉపన్యాసాలకు బదులు జవాబుదారీని కోరవచ్చు. తరలించే ముందు తరలిపోయేవారి జాబితా రాయమని, అందులో చాయ్ అమ్మేవాడి పేరు కూడా రాయమని హమాలీ సంఘం పట్టుబట్టవచ్చు.

ఇలా అడిగితే జీవితంలో అనిశ్చితి మాయమవుతుందని నేను భ్రమపడటం లేదు. పూత రాలుతూనే ఉంటుంది. మనుషులు హఠాత్తుగా పోతూనే ఉంటారు. ఆ దుఃఖాలకు సామెతలు కావాలి, ఉండనివ్వండి. అవి ఉన్నది అందుకే. మనుషులు చేసిన నష్టానికి ముసుగు కప్పడానికి మాత్రం వాటిని వాడవద్దు.

కావడి మోసేవారికి ఒక పద్ధతి ఉంది. కొంతదూరం నడిచాక బద్దను ఒక భుజం నుంచి మరో భుజానికి మార్చుకుంటారు. ఒకే భుజం మీద ఎంతదూరమైనా మోయడం ఎంత బలశాలికైనా సాధ్యం కాదని వారికి తెలుసు. సామెత కట్టిన మన పెద్దలకూ తెలిసే ఉంటుంది. కుండల ఊగిసలాట చూస్తూ వేదాంతం చెప్పేవారికే తెలియడం లేదు. భుజం మార్చవలసిన వేళ ఎప్పుడో దాటిపోయింది.